మిద్దె మీది రేడియో తీగ

పని తెలిసినవాడికి కూలి ఇచ్చి చేయించుకోవడం దండగ కాదా అని అడిగేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

పెనుకొండలో మా వీధికి మొదటి రేడియో మాది. పొలాలు పోయినా, సాయంత్రం పెద్దమనుషులు మా అరుగు మీదే కూర్చునేవారు. వాళ్ళు రావడం మానకూడదనే నాయన దాన్ని కొన్నాడు.

స్టేషన్లు అందేందుకు మిద్దె మీద తీగ కట్టడానికి హిందూపురం నుంచి మెకానిక్ వచ్చాడు. వాడి తండ్రి ఒకప్పుడు మా జీతగాడు. "వాడు మా మిద్దె ఎక్కేదేంది?" అని నాయన వాణ్ణి గడప దగ్గరే తిప్పి పంపి, తానే ఎక్కి రెండు వెదుళ్ళ మధ్య రాగితీగ కట్టాడు. ఇంకో తీగ భూమిలోకి దించాలని ఆయనకు తెలియదు.

వార్తల వేళకు అందరూ వచ్చారు. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

"ఏమప్పా, మీ రేడియోలో వాన పడతాండాదే! మా చేన్లలో ఎప్పుడు పడతాది?" అన్నాడు ఒకాయన. అరుగంతా నవ్వింది.

వారం తిరక్కముందే ఎదురింటి శెట్టి రేడియో కొని, ఆ మెకానిక్ చేతనే తీగ కట్టించాడు. జనం అక్కడికి మారారు. నాయన మళ్ళీ వాణ్ణి పిలిపించాడు. వాడు చెప్పులతోనే మా మిద్దె మీద తిరిగాడు. నాయన కింద నిలబడి తీగ అందించాడు.

"మొదటే ఎక్కనిచ్చింటే చెప్పులిడిసి ఎక్కింటి స్వామీ," అన్నాడు వాడు దిగుతూ.

ఆ సాయంత్రం రేడియో ఖంగుమని పలికింది. అరుగు మీద నాయనా, నేనూ ఇద్దరమే. ఎదురింటికి వినపడాలని నాయన శబ్దం పెంచాడు.

శెట్టి అరుగు మీంచి నాయన పాత స్నేహితుడే అరిచాడు: "తగ్గించప్పా! ఈడ మాకు వార్తలు వినపడల్యా!"

నాయన రేడియో ఆపేశాడు.