పెద్దమ్మ వేలు వెళ్ళిన దారి

మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళు దాటాక చదువు నేర్చుకుంది. పగలు ఊడ్పులకు వెళ్ళి, సాయంత్రాలు చర్చిలో పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దింది. నేను రామచంద్రపురం దగ్గర ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. ఆ కథను కామిక్‌గా గీయాలని ఎప్పటినుంచో కోరిక. పోయిన వేసవి సెలవుల్లో మొదలుపెట్టాను.

ఎ4 కాగితం నిలువుగా పెట్టి, వరసకు రెండు చొప్పున పేజీకి ఆరు గళ్ళు గీశాను. అన్నీ ఒకే కొలత. చూడటానికి ముచ్చటగానే ఉంది. నాలుగు పేజీలయ్యాక పెద్దమ్మ చేతిలో పెట్టాను.

ఆమె కళ్ళజోడు సర్దుకుని కాసేపు చదివింది. "ఏంట్రా ఇది, పలక కొనకముందే అక్షరాలు రాసేశానా?" అంది.

నాకు అర్థం కాలేదు. "వేలు పెట్టి మళ్ళీ చదువు పెద్దమ్మా" అన్నాను.

వేలు మొదటి గడి మీంచి పక్కకు వెళ్ళలేదు, కిందికి దిగింది. ఎడమవైపు మూడు గళ్ళూ అయ్యాకే కుడివైపు పైకి ఎక్కింది.

"అలా చదువుతావేంటి?"

"ఇంకెలా చదువుతారు?" అని లోపలికెళ్ళి బైబిలు తెచ్చి చూపించింది. పేజీకి రెండు నిలువు వరసలు. ఇన్నేళ్ళుగా ఆమె రోజూ చదివే పుస్తకం అదొక్కటే. నా గళ్ళ మధ్య పైనుంచి కిందిదాకా వదిలిన తెల్లటి సందు అచ్చం అందులో ఉన్నట్టే ఉంది.

ఇంటికొచ్చి గళ్ళ వెడల్పు మార్చాను. ఒక వరసలో పెద్ద గడి ఎడమన, తర్వాతి వరసలో కుడిన, ఇటుకలు పేర్చినట్టు. ఈసారి పెద్దమ్మ వేలు రెండుచోట్లే తడబడింది. అయినా నాకు తృప్తి లేదు. చివరికి ఎ4లో సగం తీసుకుని అడ్డంగా పెట్టాను. పేజీకి ఒకటే వరస. ఇక కిందికి దిగే చోటే లేదు.

మండపేటలో ప్రింటింగ్ షాపాయన కాగితాలు తిప్పి చూసి, "అడ్డం పుస్తకమైతే పిన్ను పొట్టివైపు పడుద్దండి. తెరిస్తే మళ్ళీ మూసుకుపోతా ఉంటది" అన్నాడు.

"పర్వాలేదండి. మా పెద్దమ్మ పుస్తకం రెండు చేతులా పట్టుకునే చదువుతుంది" అని ముందు ఒక్క కాపీ వేయించాను.

పెద్దమ్మ ఎక్కడా ఆగకుండా చదువుకుంటూ వెళ్ళింది. ఒక సన్నని గడి దగ్గర మాత్రం ఆగింది. అందులో పాస్టరమ్మగారిని కుర్చీలో గీశాను.

"ఆవిడ కుర్చీలో కూర్చోలేదురా. చాప మీద, మాతోపాటే."

"మీరెంతమంది?"

"తొమ్మిదిమందిమి. ఒకటే చాప."

పదిమంది ఆ గడిలో పట్టరు. కొత్త కాగితం తీసి పేజీ మొత్తానికి ఒకే గడి గీశాను. ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో పెద్దమ్మ చెబుతుంటే, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాను.