నల్లపుంజుకు తెల్ల ఈక

ధర్మవరంలో పట్టు నూలుకు రంగులు వేసే ఆదెప్ప చేతులు వరసగా రెండు రోజులు ఒకే రంగులో ఉండేవి కావు. మోచేతుల దాకా ఒకనాడు ఎరుపు, ఒకనాడు పసుపు, చీరలకు గిరాకీ ఉన్న నెలల్లో అయితే ఏ రంగో చెప్పడానికి వీల్లేని ఒక బురద రంగు. పెనుకొండ దగ్గర ఒక మెట్ట పల్లె ఆయనది. తండ్రి తిప్పన్న ఊళ్ళోవాళ్ళకు ముతక పంచెలు నేసేవాడు. మిల్లు బట్ట వచ్చి ఆ నేత నోట్లో మట్టి కొట్టింది, ఆ వెనకే కరువు వచ్చి తిప్పన్నను తీసుకుపోయింది. మీసం కూడా రాని ఆదెప్పను మేనమామ ధర్మవరం తెచ్చి రంగు బాన ముందు కూర్చోబెట్టాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముప్పై దాటాడు. అలసిపోయానని ఆయన ఎవరితోనూ చెప్పింది లేదు గానీ, ఆయన్ను చూస్తే ఎదుటివాళ్ళకు ఆవలింత వచ్చేది.

పెళ్ళాం ఈశ్వరి హిందూపురం వైపు పిల్ల. దుడ్లు అంటే తప్ప డబ్బులని ఆమె నోట రాదు. వచ్చిన కొత్తలో మహా చలాకీ మనిషి. ఆమె మాట వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేది. మొదటి బిడ్డ పురిటి వాసన పోకముందే పోయాడు. రెండోవాడు పళ్ళు వచ్చే వేళ జ్వరం వచ్చి పోయాడు. అప్పటి నుంచి ఈశ్వరి గొంతు అరుగు దాటి రాలేదు. మూడో కాన్పు నొప్పుల్లో ఆమె అత్తగారి ఊరి చౌడమ్మకు మొక్కుకుంది. బిడ్డ నిలిస్తే అమ్మ పేరే పెడతాననీ, తన ఇంట్లో పుట్టి పెరిగిన నల్లపుంజును, ఒక్కటంటే ఒక్క వేరే రంగు ఈక లేనిదాన్ని, అమ్మ ముందర కోయిస్తాననీ మొక్కు. నొప్పుల్లో ఉన్న మనిషి అన్నన్ని షరతులు తన మీద తానే ఎందుకు పెట్టుకోవాలో అడగడానికి మంత్రసానికి తీరిక లేకపోయింది. ఆడపిల్ల పుట్టింది. చౌడక్క అని పేరు పెట్టారు.

బిడ్డ బాగానే ఉంది. బాగా లేనిది ఈశ్వరి. పిల్ల కాసేపు కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పిల్ల తుమ్మితే రాట్నం మీద నూలు కండెలు చుట్టే పని ఆపేసేది. మొక్కు తీరేదాకా బిడ్డ తనది కాదనీ, అమ్మ దగ్గర అప్పుగా తెచ్చుకున్నదనీ అనేది. ఆ మాట వినీ వినీ ఆదెప్పకు బాన కింద మంట కన్నా అదే ఎక్కువ కాక అనిపించేది. ఆయనకు అమ్మవారి మీద అంత నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. ఆలోచించే ఓపిక లేదు, అంతే. ఈశ్వరి మళ్ళీ నోరారా మాట్లాడితే చాలునని ఉండేది.

హిందూపురం సంతలో ఒక పెట్టను కొనుక్కొచ్చి పొదగేశారు. పిల్లలు దిగాక చూస్తే ఒక్కొక్కటి ఒక్కో రంగు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది, ఒకటి బూడిద పూసినట్టు, ఒకదానికి ఒళ్ళంతా చుక్కలు. ఒకే బానలో ముంచిన నూలు ఇన్ని రంగుల్లో తేలితే షావుకారు ఆదెప్ప తాట తీసేవాడు. పెట్టను అడిగేవాడు లేడు. పక్కింటి వెంకటక్క వచ్చి చూసి, కోడికి దాని అవ్వల రంగులు, అవ్వల అవ్వల రంగులు అన్నీ కడుపులో ఉంటాయనీ, ఎప్పుడు ఏది బయటపెడుతుందో దానికే తెలియదనీ చెప్పి నవ్వింది. ఆ గుంపులో ఒక్కటి మాత్రం వీపు నల్లగా ఉంది. పొట్ట తెల్లగా ఉంది. ఆ పొట్టను చూసి ఈశ్వరి రెండు పూటలు అన్నం మానేసింది. నూగు రాలి ఈకలు వచ్చేసరికి ఆ తెలుపు దానంతటదే పోయి, పిల్ల బొగ్గులా తేలింది. అమ్మే నల్లగా మార్చుకుందని ఈశ్వరి వెంకటక్క చెవిలో చెప్పింది.

అది పుంజేనని తేలిన రోజున కాలికి పసుపు దారం కట్టి మీదు కట్టారు. మీదు కట్టాక ఆ కోడి ఇంటివాళ్ళది కాదు, అమ్మది. అమ్మకూడదు, మార్చకూడదు, మరొకదాన్ని దాని బదులు ఇవ్వకూడదు. దాని మీద చెయ్యి ఎత్తకూడదు. ఆ సంగతి పుంజుకు ఎలా తెలిసిందో గానీ, తొందరగానే తెలిసింది. వీధిలో ఎవరి గింజలు ఎండేసినా మొదటి బంతి దానిదే. మగ్గాల గుంతల్లో దిగి నేసేవాళ్ళ కాళ్ళ మధ్య తిరిగేది. ఒకసారి షావుకారు తలపాగా మీద ఎక్కి కూసింది. ఆయన చేతులు జోడించి దిగమని బతిమాలుకున్నాడు.

బిడ్డకు మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించి, జాతరలో పుంజును ఇచ్చేయాలనుకున్నారు. ఆ ఏడు చినుకు పడలేదు. జాతర చేయలేమని ఊరివాళ్ళు కబురు పంపారు. ఒక ఏడు ఆగడం మనుషులకు పెద్ద సంగతి కాదు, కోడికి చాలా పెద్ద సంగతి. వేసవి దాటాక పుంజు పాత ఈకలు రాల్చింది. కొత్తవి వచ్చాయి. దసరా వెళ్ళాక ఒకరోజు ఎండలో నీళ్ళు తాగుతూ అది మెడ చాచితే ఆదెప్పకు నలుపు మధ్యలో తెల్లటి ఈక ఒకటి కనిపించింది. అప్పుడు అది ఒక్కటే. తర్వాత మూడు, తర్వాత ఇంకా కొన్ని. ఒక్కో వారం తగ్గినట్టుండేవి, మరు వారం పెరిగేవి. ఆయన ఈశ్వరికి చెప్పలేదు. అవి ఆమె కంట పడలేదనుకున్నాడు. పడితే ఆమె మళ్ళీ లేవదని భయపడ్డాడు.

రంగు పొడి కోసం హిందూపురం వెళ్ళినప్పుడు సంతలో ఒక నల్లపుంజు గంపలో కనిపించింది. ఎక్కడా మచ్చ లేదు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. కానీ మీదు కట్టింది దీన్ని కాదు. పైగా ఇంటి పుంజుకు ఎడమ కాలి వేలు ఒకటి వంకర. ఈశ్వరి దాని నడక చూసే పట్టేస్తుంది. వట్టి చేతులతో రైలెక్కాడు. రంగు పొడి కూడా దొరకలేదు. యుద్ధం మొదలయ్యాక జర్మనీ డబ్బాలు రావడం ఆగిపోయింది, ఉన్నవాళ్ళు బంగారం దాచినట్టు దాచుకున్నారు. ఆదెప్ప దగ్గర నలుపు ఒక డబ్బా అడుగున మిగిలి ఉంది. నలుపు అంచు చీరలకని షావుకారు భద్రం చేయమన్న డబ్బా అది.

జాతర ఇంకా ఎనిమిది రోజులుందనగా ఈశ్వరి బిడ్డను తీసుకుని, బట్టల మూటతో చిత్రావతి ఏటికి పోయింది. ఆదెప్ప పుంజును పట్టి ఒడిలో పెట్టుకున్నాడు. పట్టూ ఈకా రెండూ ప్రాణం ఉన్నవాటి నుంచి వచ్చినవే కదా, పట్టుకు పట్టిన రంగు ఈకకు ఎందుకు పట్టదని ఆయన లెక్క. రంగును చిక్కగా, గోరువెచ్చగా కలిపి, పట్టు పీచుతో ఒక్కొక్క ఈకనూ మొదటి నుంచి చివరిదాకా తడిపాడు. ఎంత ఓపికగా తడిపాడంటే, పెళ్ళి చీర నూలుకు కూడా అంత ఓపిక ఎప్పుడూ పెట్టలేదు. పుంజు కూడా కిక్కురుమనలేదు. ఆరాక కడిగి, మళ్ళీ ఆరబెట్టి, మెరుపు కోసం ఒళ్ళంతా ఆముదం పూశాడు. మెడ నీలి నిగనిగతో మెరిసింది. సాయంత్రం ఈశ్వరి వచ్చి పుంజును చూసింది. ఎంతో సేపు చూసింది. తర్వాత లోపలికి పోయి దీపం పెట్టింది.

జాతర నాటికి పుంజుతో పల్లె చేరారు. చౌడమ్మ గుడి అంటే నాలుగు రాళ్ళు, ఒక రేకు కప్పు. పూజారి పుల్లయ్య ముసలివాడు, చూపు సగం పోయింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, కోసే ముందు జీవం మీద పసుపు నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఇచ్చేవాళ్ళ ఇంట్లో ఏదో దాపరికం ఉన్నట్టు. వాళ్ళు అది నలుగురిలో చెప్పుకున్నాక మళ్ళీ చల్లుతారు. నీళ్ళు పడితే ఏ కోడైనా విదిలించక ఏం చేస్తుందని ఆదెప్ప ధీమాగా ఉన్నాడు.

పుల్లయ్య నీళ్ళు చల్లాడు. పుంజు నిలబడింది. ఇంకోసారి చల్లాడు. తలకాయ తిప్పి జనాన్ని చూసింది, అంతే. నీళ్ళ చుక్కలు ఈకల మీంచి జారి కింద పడుతుంటే అప్పుడు వెలిగింది ఆదెప్పకు. ఆముదం. ఒంటికి తడి తగలడం లేదు, అది ఎందుకు విదిలిస్తుంది. తన చేతులతో తానే చేశాడు. మెరుపు ఎవడు అడిగాడని తనను తాను తిట్టుకున్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మీ ఇంట్లో ఏమైనా ఉంటే చెప్పుకోండని పుల్లయ్య నెమ్మదిగా అడిగాడు. ఆదెప్ప నోరు తెరిచాడు. ఆ లోపల ఈశ్వరి బిడ్డను కిందికి దించి ముందుకొచ్చింది.

"తప్పు నాది సామీ," అంది. "పోయిన దసరా నుంచి ఈ పుంజుకు తెల్ల ఈకలు వస్తాండాయి. మా ఇంటాయన చూస్తే బెంగ పెట్టుకుంటాడని, పొద్దున్నే గంప ఎత్తేటప్పుడు పీకేస్తా ఉన్నా. పీకిన చోటల్లా మళ్ళా తెల్లదే మొలిచేది. చేతగాక, ఇంగ నీ ఇష్టమమ్మా అని ఇడ్సిపెట్టినా. మొన్న ఏటి నుంచి వచ్చి చూస్తే ఒక్కటి గూడా లేదు. అమ్మే మార్చుకునింది. పిల్లప్పుడు గూడా అట్లే మార్చుకునింది. నేనే నమ్మకం లేక పీకినా."

జనంలో ఎవరో చేతులెత్తి దండం పెట్టారు. పుల్లయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మే మార్చుకున్న్యాక నీ తప్పు యాడుండాదమ్మా," అన్నాడాయన.

ఆదెప్ప తెరిచిన నోరు అలాగే ఉంది. చెప్పేయాలి. చెబితే పుంజును వెనక్కి తీసుకుపోవాలి, మీదు మీదుగానే ఉంటుంది, మొక్కు మొక్కుగానే ఉంటుంది. ఈశ్వరి మళ్ళీ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెడుతూ కూర్చుంటుంది. పైగా ఇంతమంది ముందు ఆమె చెప్పిన మాట అబద్ధమవుతుంది. ఆమె ముఖం చూశాడు. పెళ్ళినాటి ముఖం అది. అన్నేళ్ళ తర్వాత ఇప్పుడు చూస్తున్నాడు. ఆ ముఖాన్ని చెరిపే ధైర్యం ఆయనకు లేకపోయింది. నోరు మూసుకున్నాడు.

పుల్లయ్య ఈసారి చల్లలేదు. కడవెడు నీళ్ళూ పుంజు మీద గుమ్మరించాడు. పుంజు ఒళ్ళు జల్లుమని విదిలించింది, పక్కనున్నవాళ్ళంతా తడిసిపోయారు. ఆడవాళ్ళు అమ్మకు జేజేలు కొట్టారు. ఆదెప్ప మాత్రం కిందికి చూశాడు. రాతి మీద పారిన నీళ్ళు తేటగా ఉన్నాయి. ఒక్క చుక్క నలుపు దిగలేదు. అంత బాగా ఆయన ఇంకెప్పుడూ రంగు వేయలేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకోవడానికి లేదు. కోసిన పుంజును తానే శుభ్రం చేస్తానని పట్టుబట్టి తీసుకున్నాడు. చర్మంలో దిగిన ఈకల మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. అన్నీ ఏరి, గుంత తీసి పూడ్చాడు.

ఈశ్వరి మారిపోయింది. గొంతు మళ్ళీ వీధి చివరిదాకా వినిపించసాగింది. చౌడక్క మోకాళ్ళు చీరుకుని వస్తే పసుపు అద్ది, పోయి ఆడుకోమనేది. ఎవరింట్లో బిడ్డకు బాగా లేకపోయినా ఆమెనే పిలిచేవాళ్ళు. ఈ ఇంటి పుంజుకు అమ్మ రంగు మార్చిన కథ దూరాన తలుపుల అనే ఊరి దాకా పాకింది. చెప్పినప్పుడల్లా ఆమె ఆదెప్పను సాక్ష్యం అడిగేది. ఆయన తల ఊపేవాడు.

మరి రెండేళ్ళకు చౌడక్కకు జ్వరం తగిలింది. ఆ ఏడు ఊళ్ళో చాలామంది పిల్లలకు అదే జ్వరం, కొందరు దక్కలేదు. ఒళ్ళు కాలుతోంది, పిల్ల కళ్ళు తెరవడం లేదు. ఆదెప్ప బాన కింద మంట ఆర్పేసి పిల్ల పక్కన కూర్చున్నాడు. రెండో రోజూ కూర్చున్నాడు. అమ్మవారి మీద నమ్మకం ఉందో లేదో తేల్చుకోని మనిషి, ఇప్పుడు తేల్చుకున్నాడు. అమ్మ అన్నీ చూస్తుందని, ఆముదం పూసిన నాడే చూసిందని ఆయనకు గట్టిగా అనిపించింది. ఇక ఈశ్వరికి చెప్పేద్దామనుకున్నాడు. ఆమెతో కలిసి మళ్ళీ మొక్కుకుంటే బిడ్డ దక్కుతుందేమోనని ఆశ. కండెలు చుడుతున్న ఆమె దగ్గరకు పోయి నిలబడ్డాడు.

ఆమె తలెత్తి చూసి జాలిపడింది.

"ఏమయ్యా, ఎందుకట్ల అయిపోతాండావు," అంది. "అమ్మ మన కోసరం కోడి రంగునే మార్చిన తల్లి. మన బిడ్డను యాడికి పోనిస్తాది? నువ్వు పోయి నీ పని చూసుకో."

ఆమె మళ్ళీ రాట్నం తిప్పసాగింది. ఆదెప్ప ఆ రంగు మార్చింది తానేనన్న మాటను మింగేసి, వెనక్కి వచ్చి, బిడ్డ కాళ్ళ దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు.