జర్మన్ యూనియన్‌లో నా సభ్యత్వం

పర్మనెంట్ కావలసిన ఉద్యోగాన్ని సొంత ఖర్చుతో బిర్యానీ వండించి మరీ ఊడగొట్టుకోబోయిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నమస్కారం.

అప్పట్లో న్యూజిలాండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక బేకరీలో టెంపరరీగా పనిచేస్తున్నాను. ఓనరు జర్మన్ పెద్దాయన. నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచనకు కాస్త మసాలా తగిలిద్దామని ఆదివారం భోజనానికి పిలిచాను.

"మీరు నోరు మూసుకుని వడ్డించండి, చాలు," అంది మా ఆవిడ సునీత.

ఊరుకుంటానా? లైబ్రరీ కార్డున్నవాణ్ణి! వాళ్ళ దేశపు పెద్ద నాయకుడొకాయన జీవితచరిత్ర తెచ్చి సగం నమిలేశాను. కుర్రతనంలోనే యూనియన్‌లో చేరాడట. మెట్టు మెట్టుగా ఎదిగాడట. చివరికి యూనియన్‌కే నాయకుడయ్యాడట. మా నాన్న బొగ్గుగనిలో ఎర్రజెండా మోసిన మనిషి. ఇంకేం, నా గుండె ఉప్పొంగింది. మిగతా సగంలో ఆయన విధానాలేవో ఉన్నాయి. యూనియన్ లీడరు విధానాలు నాకు వేరే చదవాలా?

ఓనరు రెండో చెంచా నోట్లో పెట్టుకోగానే అందుకున్నాను.

"మీ నాయకుడంటే నాకు ప్రాణం సార్. మాదీ యూనియన్ కుటుంబమే."

ఆయన ముఖం పొయ్యిలో బన్నులా పొంగింది. "నిజమా! నేనూ మొదట్నుంచీ యూనియన్ మనిషినే. ఆయనలో నీకేం నచ్చింది?"

"జీతాలు పెంచమని నిలదీస్తాడు సార్. పనిగంటలు తగ్గించమంటాడు. ఓనర్లు వినకపోతే సమ్మె!"

చెంచా గాల్లో ఆగింది. "సమ్మెనా?"

"మీరు ఊఁ అనండి సార్, మన బేకరీలో రేపే పెట్టేద్దాం యూనియన్!"

సునీత బల్ల కింద నా కాలు తొక్కింది. ప్రోత్సాహం కాబోలనుకున్నాను.

ఆయన నీళ్ళు తాగి, ఒకటో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. జర్మనీలో యూనియన్ అంటే కార్మిక సంఘం కాదు. సంప్రదాయవాదుల రెండు పార్టీల జోడీకి వాడుక పేరు. ఆ నాయకుడు పన్నులు తగ్గాలంటాడు, ప్రభుత్వం అప్పులు చేయకూడదంటాడు, జనం ఇంకా ఎక్కువసేపు పనిచేయాలంటాడు.

"వలస వచ్చేవాళ్ళ విషయంలోనూ చాలా గట్టివాడు," అన్నాడు గర్వంగా.

"అలాగా అంకుల్! ఇంతకీ మీరు న్యూజిలాండ్ ఎప్పుడొచ్చారు?" అంది సునీత, అమాయకంగా ఇంకో గరిటె వడ్డిస్తూ.

ఆయనకు పొరబోయింది. దగ్గి, దగ్గి, "బిర్యానీ చాలా బాగుంది," అన్నాడు.

సోమవారం ఈ కథ బేకరీలో అందరికీ చెప్పి పడీ పడీ నవ్వాడు. అదీ ఆయన చేసిన పొరపాటు. పిండి కలిపేవాళ్ళెవరూ నవ్వలేదు.

"యూనియన్ పెడదామని ఓనరు మొహం మీదే అడిగేశావా బ్రో?" అంటూ నా చుట్టూ మూగారు.

నెల తిరిగేసరికి బేకరీలో నిజంగానే యూనియన్ వెలసింది. నాయకుడు ఎవరో మీకు చెప్పక్కర్లేదు. నాయకుడు టెంపరరీగా ఉంటే పరువు తక్కువ కాబట్టి, నన్ను పర్మనెంట్ చేయాలన్నదే వాళ్ళ మొదటి డిమాండ్.

ఏదేమైనా, పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట జర్మన్ల ఎదుట నేను నోరు తెరిస్తే, అది బ్రెడ్డు కొరకడానికే.