వాకబు షావలి

నేను డ్రైవర్ని. పేరు గంగాప్రసాద్, జగిత్యాల వైపు వాణ్ణి. కువైట్‌లో ఒక ఎంబసీ సెక్యూరిటీ ఆఫీసుకు కారు నడుపుతాను. ఏ దేశపు ఎంబసీ అని మాత్రం అడక్కండి, చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఆ కారులో నా పక్క సీట్లో కూర్చుని పదకొండేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నవాడు షావలి. ఊరు రాయచోటి. మేమంతా వాకబు షావలి అంటాం.

అతని పనే అది. ఎంబసీలో తోటమాలిని పెట్టుకోవాలన్నా, ఊడ్చే మనిషిని తీసుకోవాలన్నా, ముందు షావలి వెళ్ళి ఆ మనిషి ఎలాంటివాడో, ఇచ్చిన కాగితాలు నిజమో కాదో కనుక్కుని రిపోర్టు రాయాలి. తుపాకులూ నల్ల కళ్ళద్దాలూ ఉన్న ఆఫీసని ఊళ్ళో మా ఆవిడ గొప్పలు చెప్పుకుంటుంది. షావలి దగ్గర ఉండేవి ఒక ప్లాస్టిక్ ఫైలు, రెండు పెన్నులు, మోకాలి నొప్పికి రాసుకునే మందు.

మనవాళ్ళ దగ్గర వాకబు చేయడం మహా కష్టం. ఎవరి గురించి అడిగినా బంగారంలాంటి మనిషి అంటారు. పొద్దున్నే ఆ మనిషితో జుట్టూ జుట్టూ పట్టుకున్నవాడు కూడా అదే మాట అంటాడు, పరాయి దేశంలో మనవాడి నోటికాడ కూడు తీయడం ఎందుకని. అందుకే షావలి మంచివాడా చెడ్డవాడా అని అడగడు. బిల్డింగు కాపలా చూసే హారిస్ దగ్గరికి పోయి, లిఫ్టు చెడిపోయినప్పుడు ఈయన ఏమంటాడు అంటాడు. కింద బకాలా కొట్లో, రూములో ఎవరికైనా జ్వరమొస్తే మందు కొనడానికి ఎవరొస్తారు అంటాడు. వాకబు చేసే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. రాయచోటి వాళ్ళింట్లో టీ వద్దంటే ఊరుకుంటారా? ఒకావిడ మొహం మీదే తలుపేసిందట. అయినా బుద్ధి రాలేదు.

పోయిన అక్టోబరులో బషీరా బీ ఫైలు వచ్చింది. ఆమెదీ రాయచోటే. హవల్లీలో ఒక ఈజిప్టు టీచరమ్మ ఇంట్లో పనిచేస్తోంది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఆ మామా సంసారం ఎత్తేసి తన దేశం వెళ్ళిపోతోంది. నెలలోగా వేరే పని దొరక్కపోతే బషీరా కూడా ఇండియాకు పోవాల్సిందే. మా ఎంబసీ వంటింట్లో ఒక ఖాళీ ఉంది. వారానికో రోజు సెలవు, లోపల గడియ ఉన్న సొంత గది. పన్నెండేళ్ళు వంటింటి పక్కన పరుపు పరుచుకున్న మనిషికి అది చిన్న సంగతి కాదు.

వాకబు బ్రహ్మాండంగా జరిగింది. మామా కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది. ఆ అంతస్తులో ఉండే ముసలావిడ చెత్త సంచి కూడా బషీరాయే కిందికి తెస్తుందని హారిస్ చెప్పాడు. ఇంక ఖలాస్, ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నాను. కారు ఎక్కాక షావలి ఫైలు తిరగేస్తూ ఆగిపోయాడు.

“చూడు ప్రసాదూ. పాస్‌పోర్టులో పుట్టింది ఎనభై రెండు. ఈ పదో తరగతి సర్టిఫికెట్లో తొంభై.”

నాకు వెంటనే అర్థమైంది. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదని మన గవర్నమెంటు రూలు. ఇరవై రెండేళ్ళ పిల్లకు ఎనిమిదేళ్ళు కలిపి ఏ ఏజెంటో విమానం ఎక్కించాడు. అలా కలిపిన ఏళ్ళతో తిరిగేవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు. వాళ్ళెవరూ ఇలా సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వలేదు.

“వంట పనికి పదో తరగతి ఎందుకు భాయ్? ఎవలడిగిండ్రు? చింపి అవతల పారెయ్యి.”

“చింపను.”

“నీ ఊరి పిల్లనే గద!”

“అందుకే చింపను. మా ఊరోళ్ళ కోసరం ఒకసారి దాచిపెడితే, రేపు మా ఊరోళ్ళు మంచోళ్ళని రాసినా ఎవురు నమ్ముతారు?”

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసు చేరేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

మర్నాడు మళ్ళీ హవల్లీ పోదామన్నాడు. వాకబు అయిపోయిన మనిషి దగ్గరికి అతను రెండోసారి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. ఆడమనిషితో ఒంటరిగా మాట్లాడటం బాగుండదని నన్నూ పైకి తీసుకెళ్ళాడు. బషీరా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

“అమ్మా, దరఖాస్తు నువ్వే వెనక్కి తీసుకుంటే నేను రిపోర్టు రాసే పనుండదు. సర్టిఫికెట్ నీ చేతికిచ్చి పోతా. లేదంటే ఉన్నదున్నట్టు రాస్తా. ఉద్యోగం రాకపోవచ్చు. నీ ఇఖామా దాకా, ఈ దేశంలో ఉండే పర్మిట్ దాకా పోయినా పోవచ్చు. నేను మాటియ్యలేను.”

ఆమె చున్నీతో చేతులు తుడుచుకుంది.

“ఎందుకు పెట్టినావమ్మా దాన్ని?”

“మా వీధిలో పది పాసయిన ఆడపిల్లను నేనొక్కదాన్నేన్నా. పన్నెండేండ్లు ఈడ ఎవురూ అడగలా. మీ ఫారంలో చదువు అని ఒక గడి కనపడింది. పెట్టెలోంచి తీసి, మడతలు పోయేట్టు ఇస్త్రీ చేసి పెట్టినా.”

“పుట్టిన తేదీ చూసుకోలేదా?”

“చూసుకున్యా. అది నాదే కదా అనుకున్యా.”

షావలి తల దించుకున్నాడు. ఆమే మళ్ళీ అందుకుంది. “మొన్న మామా పిల్లోళ్ళు నాకు కేకు తెచ్చిరి. దానిమీద నలభై రెండు అని రాసిరి. నవ్వుతా కోసినా. రాయన్నా. దాచొద్దు.”

వద్దని అరవాలనిపించింది నాకు. కిందికి దిగేటప్పుడు ఏడుపొచ్చింది, షావలికి కనపడకుండా ముందు నడిచాను.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాడు. రెండు కాగితాలూ ఆమే ఇచ్చిందనీ, అడిగితే ఏదీ దాచలేదనీ, మనిషి నమ్మదగినదనీ రాశాడు. వారం తర్వాత ఆఫీసరు పిలిచి చెప్పాడు. రెండు పుట్టిన తేదీలున్న మనిషిని తీసుకోవడం కుదరదు. ఇంకో దేశపు పాస్‌పోర్టు సంగతి మనకెందుకు, ఫైలు మూసెయ్యి. ఇఖామా జోలికి ఎవరూ పోలేదు. ఊపిరి పీల్చుకోవాలో తిట్టుకోవాలో నాకు తెలియలేదు.

సర్టిఫికెట్ తనే తిరిగి ఇస్తానని పట్టుబట్టాడు. మేం వెళ్ళేసరికి ఆ ఇంటి హాలంతా సూట్‌కేసులే. బషీరా ప్రయాణానికి నాలుగు రోజులుంది. ఉద్యోగం రాలేదని షావలి చెబితే తలూపింది. సర్టిఫికెట్‌ను రెండు చేతులా అందుకుంది.

“రిపోర్టులో నా వయసు ఎంతని రాసినారన్నా?”

“వయసు గడిలో ముప్ఫై నాలుగని రాసినా. పాస్‌పోర్టులో ఉండేది కింద వేరేగా రాసినా.”

“వయసు గడిలో ఎంతని? ఇంకోసారి చెప్పన్నా.”

“ముప్ఫై నాలుగు.”

“అయితే ఈ దేశంలో ఒక్క కాగితంలోనైనా నేను ముప్ఫై నాలుగేండ్లదాన్ని,” అంది బషీరా. అన్నాక, అప్పుడు ఏడ్చింది.