వసిష్ఠుడి ఇంట్లో ఆరుగురు

కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే ఆమెను వీధిలో అందరూ అద్దాలక్క అంటారు. పాతికేళ్ళుగా అదే గది, అదే తడి సానరాయి. అద్దం ఎక్కడ వంకరపోయిందో వేలికొసతో తడిమి చెప్పేస్తుంది.

ఆమె మామగారు రైళ్ళకు సిగ్నలిచ్చి రిటైరైన మనిషి. వసిష్ఠుడనే పెద్ద చుక్కను ఆనుకుని ఉండే చిన్న చుక్క అరుంధతంటే ఆయనకు వల్లమాలిన అభిమానం. అగ్నిదేవుడి మీద మనసుపడ్డ స్వాహాదేవి ఆరుగురు ఋషిపత్నుల రూపాలు ధరించగలిగిందట గానీ, ఎంత తంటాలు పడ్డా అరుంధతి రూపం మాత్రం చేతకాలేదట. ఈ కథ కోడలికి వందసార్లైనా చెప్పి ఉంటాడు.

ఒకరోజు డాబా దిగివచ్చి, "అరుంధతి కనబడ్డం లేదమ్మా" అన్నాడు. ఆ పూట భోజనం సగంలోనే వదిలేశాడు. అరుంధతి కనబడనివాడికి ఆయుష్షు చెల్లినట్టేనని చిన్నప్పుడెవరో చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుపోయింది. శుక్లాలేనని డాక్టరు చెప్పినా, పోయేవాడికి ఆపరేషనెందుకని మొండికేశాడు.

అద్దాలక్క వాదించలేదు. పళ్ళెమంత మందపాటి గాజుబిళ్ళ తెచ్చి, దుకాణం తెరవకముందే రోజూ గంటసేపు గరుకు పొడితో అరగదీసింది. మొదటిది పగిలింది. రెండోదానికి నాలుగు నెలలు పట్టింది. దానికి వెండిపూత వేయించి, రేకు గొట్టంలో బిగించి దుర్భిణి తయారుచేసి, ఒక సాయంత్రం చీకటి పడగానే మామగారిని డాబా మీదికి తీసుకెళ్ళి దాన్ని వసిష్ఠుడి వైపు తిప్పింది.

"ఎన్ని కనబడుతున్నాయి మామయ్యా?"

ఆయన చాలాసేపు కన్ను తియ్యలేదు. "మసగ్గానే ఉన్నాయి గానీ, మూడు. ఈ మూడోది ఎవరమ్మా?"

వసిష్ఠుడనుకునేదే రెండు చుక్కలని, ఆ రెండూ మళ్ళీ జంటలని, అరుంధతికీ ఒక తోడుందని, మొత్తం ఆరని తను చదివింది చెప్పింది.

"ఉమ్మడి కాపురమన్నమాట. వంటతోనే తెల్లారిపోతుంది వాళ్ళకి."

వాటికీ చావుందా అని అడిగాడు. ఆమె దాచలేదు. లోపలి ఇంధనం అయిపోయాక పెద్ద చుక్కలు ఉబ్బి ఎర్రబడతాయని, పైపొరలు వదిలేసి చిన్న తెల్లటి నిప్పుకణికల్లా మిగులుతాయని, ఆ వదిలిన దుమ్మూ ఎప్పుడో కొత్త చుక్కల్లో కలుస్తుందని చెప్పింది. దానికింకా కోట్ల ఏళ్ళుందంది.

"ఆవిడ ఎక్కడికీ పోలేదు మామయ్యా. మీ కంట్లో పొర పెరిగింది, అంతే."

ఆయన మెట్లు దిగుతూ, డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడని అడిగాడు.

ఆపరేషనైన నెలకి ఆయన ఒక్కడే డాబా ఎక్కాడు. ఉత్త కళ్ళతోనే రెండు చుక్కలూ విడివిడిగా కనబడ్డాయి. కిందికొచ్చి కోడలి తల నిమిరి, భోజనానికి కూర్చుని రెండోసారి కూడా వడ్డించమన్నాడు.

ఇప్పుడు వాళ్ళ డాబా మీద సాయంత్రమైతే వీధి వీధంతా వరస కడుతుంది. ఒక పంతులమ్మ తమ బడికీ కావాలంటే అద్దాలక్క ఇంకా పెద్ద గాజుబిళ్ళ మొదలుపెట్టింది. మామగారు పక్కనే కూర్చుని నీళ్ళు చల్లుతూ, చెయ్యి ఇంకాస్త మెల్లగా తిప్పమని ఆమెకే పాఠాలు చెబుతున్నాడు.