లోపలి గది

మా ఆయన పోయిన రెండో నెలలో పేట్ బషీరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఓడ టికెట్లు అమ్మే ఆఫీసు అతను. సారును పిలవమన్నాడు. లేడన్నాను. ఎప్పుడొస్తాడని అడిగాడు. రాడు, చచ్చిపోయాడు అన్నాను. తర్వాత అతను చెప్పాల్సింది నాకే చెప్పాడు. మీరు తీసుకున్నది ఓడలో లోపలి గది, దానికి కిటికీ ఉండదు. పై అంతస్తులో కిటికీ ఉన్న గది ఒకటి ఖాళీ అయింది. కొంచెం ఎక్కువ కడితే మార్చి ఇస్తాం. శనివారం సాయంత్రం ఐదు లోపల చెప్పాలి. ఆ మాటలు నేర్చుకున్న పాఠంలా ఒప్పజెప్పాడు. నాకు కోపం రాలేదు. అతని పని అతను చేశాడు.

అప్పట్లో నాకు ఏదీ వచ్చేది కాదు, కోపం గానీ ఏడుపు గానీ. ఒకసారి మేడ్చల్‌లో పన్ను పీకించుకున్నప్పుడు డాక్టరు ముందు సూది వేశాడు. దవడ మీద వేలు పెట్టి నొక్కితే నొక్కినట్టు తెలిసింది, నొప్పి మాత్రం తెలియలేదు. ఆ రెండు నెలలు నేను మొత్తం అట్లా ఉన్నాను. స్కూటరు అమ్మేద్దామా అని అల్లుడు అడిగితే అట్లనే అన్నాను. ఉంచుకుందామా అని బిడ్డ అడిగితే అట్లనే అన్నాను.

ఓడ ముచ్చట మా ఆయనది. ఆయన భూముల మధ్యవర్తి. తొంభైలలో సేద్యం వదిలి ఆ పనిలో పడ్డాడు. మేడ్చల్ నుంచి తుర్కపల్లి దాకా ఎవరి పొలం ఎవరు కొన్నారో, ఏ గట్టు కోసం ఏ అన్నదమ్ములు కొట్టుకున్నారో ఆయన నోటి మీద ఉండేది. పొద్దున లేస్తే భూమి, అన్నం ముందు భూమి. ఒకరోజు ముంబై నుంచి లక్షద్వీప్ పోయే ఓడకు ఇద్దరి పేర్లు రాయించి వచ్చాడు. మేమిద్దరం అంతవరకు సముద్రం చూసినవాళ్లం కాదు. ఎందుకు పోవాలె అని అడిగాను.

"ఎటు సూసినా భూమి కనవడని జాగల నాలుగు రోజులుండాలె," అన్నాడు.

కిటికీ లేని గది ఎందుకు తీసుకున్నావంటే, పండుకున్నంక కండ్లు మూసుకుంటం గదా, కిటికీ ఎవరు సూస్తరు అన్నాడు. ఆ తర్వాత నెల తిరగకముందే ఒక వెంచర్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడు. గ్లాసు కింద పడలేదని, చేతిలోనే ఉందని చూసినవాళ్లు చెప్పారు.

ఫోన్ వచ్చిన మర్నాడు మా బిడ్డ ఇంటికి వచ్చింది. తుర్కపల్లిలో మందులు పరీక్ష చేసే కంపెనీలో దాని కొలువు. కంపెనీ బండిలో పోయి వస్తుంది. మధ్యలో ఆ ఆఫీసుకు పోయి ఒక కాగితం తెచ్చింది. కాగితం మీద రెండు గదుల బొమ్మలున్నాయి. నేను చదివాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషిని. సాయంత్రాలు బడిలో ఆడవాళ్లకు చదువు చెప్పే రోజుల్లో, చేతిలో పలక పట్టుకుని పోతుంటే ఊరు నవ్వింది, మా ఆయన కూడా నవ్వాడు. ఇప్పటికీ పెదవులు కదలకుండా చదవలేను. ఒక బొమ్మ కింద 'సముద్రం కనిపించే గది' అని ఉంది. ఇంకోదాని కింద 'లోపలి గది' అని ఉంది. రెండింటిలోనూ రెండేసి మంచాలు, తెల్ల దుప్పట్లు. ఒకదాంట్లో గోడకు గుండ్రటి కిటికీ. అంతే తేడా.

కట్టిన పైసలు తిరిగి ఇయ్యరట, పేరు మాత్రం మారుస్తారట. బిడ్డకు సెలవు లేదు. నాతో మా ఆడబిడ్డ రావాలని అనుకున్నారు. ఆడబిడ్డ అంటే మా ఆయన చెల్లెలు, మేడ్చల్‌లోనే ఉంటుంది. ఆమె మొగుడు పోయి చాలా ఏండ్లు. నోరు మూత పడని మనిషి. అన్న పోయినప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చింది, ఏడ్చి లేచి వంట రుచి ఎట్లుందో చెప్పింది. ఆ రోజు ఆమె కూడా కాగితం తిప్పి తిప్పి చూసింది.

"గా కిటికీలకెల్లి ఏం గనవడ్తది? నీళ్లే గదా. షామీర్‌పేట చెరువు కట్ట మీద కూసుంటె వట్టిగనే గనవడ్తయి," అన్నది.

కిటికీ లేకపోతే పగలు కూడా చీకటిగానే ఉంటుందని, లైటు వేసుకోవాల్సిందేనని మా బిడ్డ చెప్పింది. అప్పుడు ఆడబిడ్డ మాట మారింది. గట్లయితే అది గది గాదు, గరిసె, వడ్లు పోసుకునే గరిసెల మనుషులు పండుకుంటరా అన్నది. కిటికీ గదే తీసుకుందామని ఇద్దరూ ఒక్కటయ్యారు. పైన పడే పైసలు తాను ఇస్తానని బిడ్డ అన్నది. నేను అట్లనే అన్నాను.

అంతలో ఆడబిడ్డకు గుర్తొచ్చింది. "వదినె ఇంక నిద్రకు పోలే," అన్నది.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మనిషి పోయి పదకొండో రోజు దాటాక చుట్టాలు వచ్చి ఆ ఇంటివాళ్లను తమ ఇంటికి తీసుకుపోతారు. అన్నం పెట్టి ఆ రాత్రి అక్కడే పడుకోబెడతారు. దాన్నే నిద్ర అంటాం. తెల్లవారగానే లేచి, పోయొస్తానని ఎవరికీ చెప్పకుండా రావాలి. ఆ ఇంటివాళ్లు కూడా పోయి రమ్మని అనకూడదు. మొగుడు పోయిన ఆడదానికి మొదటి నిద్ర తల్లిగారింట్లోనే. అది కాకముందు ఇంకొకరి ఇంట్లో ఒళ్లు వాల్చకూడదు. వచ్చి తీసుకుపోవాల్సింది తోడబుట్టినవాడు.

నాకు తోడబుట్టినవాడు ఒక్కడే, తమ్ముడు. అలియాబాద్‌లో ఉంటాడు. పదకొండో రోజు వచ్చి నా భుజం మీద చీర వేసి, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నిద్రకు రమ్మనలేదు. కారణం అందరికీ తెలుసు. తుర్కపల్లి దగ్గర వాడికి ద్రాక్ష తోట ఉండేది. మా ఆయనే బేరం కుదిర్చి దాన్ని అమ్మించాడు. ఏడాది తిరిగేసరికి అక్కడ కంపెనీలు వచ్చి పక్క పొలాలకు వాడు కలలో కూడా అనుకోని ధర పలికింది. బావకు ముందే తెలిసి తనను ముంచాడని తమ్ముడు అన్నాడు. తెలుసో తెలియదో నేను మా ఆయనను అడగలేదు. అడిగినా ఆయన చెప్పే రకం కాదు. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాట లేదు.

ఓడ ఎవరి ఇల్లూ కాదు కదా, దానికి నిద్ర లెక్క ఏంటని మా బిడ్డ అడిగింది.

"ఇల్లు గాదంటవు, గది అంటవు, మంచమంటవు. మంచం ఉన్నకాడ నిద్రే బిడ్డా," అన్నది ఆడబిడ్డ.

తర్వాత కాళ్లు చాపుకుని కూర్చుని చాలాసేపు ఆలోచించి ఆమెనే తీర్పు చెప్పింది. లోపలి గదికి పైసలు కట్టింది తన అన్న. మొగుడు కట్టిన గది మొగుని ఇల్లే అవుతుంది, అందులో పడుకుంటే తప్పు లేదు. కిటికీ గది అట్లా కాదు. బిడ్డ పైసలు కలిస్తే అది బిడ్డ ఇల్లు. తల్లిగారింటి నిద్ర కాకుండా బిడ్డ ఇంట్లో పడుకోకూడదు. కాబట్టి కిటికీ కావాలంటే ముందు తమ్ముడు రావాలి, తమ్ముడు రాకపోతే గరిసె. అంత చదువు చదివిన మా బిడ్డ తల పట్టుకుంది. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు.

నిజం చెప్పాలంటే నాకు కిటికీ మీద ధ్యాస లేదు. కానీ ఆ రెండు నెలల్లో ఒక్క పూటా కన్ను అంటుకోలేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూసేదాన్ని. తమ్ముడు పిలవలేదన్న మాట మాత్రం లోపల ఎక్కడో నొక్కుతూ ఉంది, సూది వేసిన దవడ మీద వేలులాగా. నొప్పి లేదు. వేలు ఉంది.

శనివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి షామీర్‌పేటలో దిగాను. అక్కడి నుంచి అలియాబాద్‌కు ఆటో. పిలవకుండా నిద్రకు పోయిన ఆడదాన్ని నేను ఎక్కడా చూడలేదు. చూసి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్నేమో. తమ్ముడి ఇంటి వెనక, అమ్మిన ద్రాక్ష తోట రాతి కడీలు దొంతరగా పేర్చి ఉన్నాయి. పందిరికి నిలబెట్టినవి. పొలం ఇచ్చాడు గానీ కడీలు ఇయ్యలేదు, ఎడ్ల బండ్లలో ఇంటికి తోలించుకున్నాడు. వాటితో ఏ పనీ లేదు.

మరదలు నన్ను చూసి గడప దగ్గరే ఆగింది. పిలువకుండా వచ్చినవా వదినె అనబోయి మధ్యలో మింగింది. కాళ్లకు నీళ్లిచ్చి, అన్నంలోకి పచ్చిపులుసు పోసింది. తింటుంటే తమ్ముడు వచ్చాడు. ఎదురుగా కూర్చోలేదు, నిలబడ్డాడు.

"ఏం పని మీదొచ్చినవక్కా?"

"పండుకునేటందుకొచ్చిన."

మరదలు చేతిలో గరిటె ఆగింది. తమ్ముడు బయటికి చూశాడు. ఓడ సంగతి మా ఆడబిడ్డ నోటి పుణ్యాన అలియాబాద్ దాకా వచ్చినట్టుంది. అటే చూస్తూ, "గా కిటికీ గది పైసలు నేను గడ్త. ఇయ్యాల్నే గట్టాలంట గదా," అన్నాడు.

వాడి లెక్క నాకు అర్థమైంది. తమ్ముడు కట్టిన గది తల్లిగారిల్లు అవుతుంది. నేను ఓడలో పడుకుంటే వాడి ఇంట్లో పడుకున్నట్టే. నన్ను గడప దాటనియ్యకుండానే నిద్ర అయిపోతుంది.

"పైసలు గట్టుడు నిద్ర గాదు తమ్మీ," అన్నాను.

"బావ నన్ను ముంచిండు."

"ముంచిండో లేదో నాకు తెల్వది. మంచం యాడేస్తవ్?"

వాడు లోపలికి పోయాడు. నవారు మంచం తెచ్చి నడిమింట్లో వాల్చాడు. దుప్పటి మాత్రం తేలేదు. దుప్పటి మరదలు తెచ్చింది.

పగటి పూట కాసేపు నడుము వాల్చి, నాలుగింటికి లేచి, రోడ్డు మీది ఫోను డబ్బా నుంచి ఆఫీసుకు ఫోన్ చేయాలని అనుకున్నాను. రాత్రికి తమ్ముడి ఇంట్లో నిద్ర అవుతుంది కాబట్టి కిటికీ గదికి అడ్డు లేదు, తీసుకోమని చెప్పాలి. బిడ్డ మాట దక్కుతుంది. నాలుగింటికి లేపమని మరదలికి చెప్పాను. తమ్ముడు వాకిట్లో ఉన్నాడు, విన్నాడు.

పడుకున్నాను. అంతే గుర్తు.

మళ్లీ కండ్లు తెరిచేసరికి కోళ్లు కూస్తున్నాయి. నేను పడుకున్న పక్కకే ఉన్నాను, చెయ్యి తిమ్మిరెక్కింది. ఎవరో దుప్పటి కాళ్ల దాకా సరిచేశారు. మంచం కోడు దగ్గర చెంబుతో నీళ్లు పెట్టారు. ఇది ఏ రోజని అడగబుద్ధి కాలేదు. ఐదు గంటల గడువు ఎప్పుడో దాటిపోయింది.

లేచి ముఖం కడుక్కుని బయటికి వచ్చాను. తమ్ముడు కడీల దొంతర మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. నన్ను చూసి ముఖం అవతలికి తిప్పుకున్నాడు. పోయి రమ్మని అనకూడదు కాబట్టి తిప్పుకున్నాడా, కోపంతో తిప్పుకున్నాడా, రెండింటికీ ఒకటే తీరు. నేను కూడా పోయొస్తానని అనకూడదు. అనలేదు. రోడ్డు దాకా నడిచాను.

ఆ మధ్యాహ్నం తమ్ముడు లేపకు అన్నాడని, నాలుగింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి మరదలు మంచం దగ్గరికి వచ్చి వాడి ముఖం చూసి వెనక్కి పోయిందని చాలా రోజుల తర్వాత ఆమెనే చెప్పింది. తమ్ముడూ నేనూ ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత వాడు వచ్చిపోయేవాడు. చాయ్ తాగేవాడు. భూమి ముచ్చట తీసేవాడు కాదు.

కిటికీ గది ఇంకెవరికో పోయింది. మా బిడ్డ అలిగి రెండు రోజులు ఫోన్ చేయలేదు. ఆడబిడ్డ పేరు రాయించుకుని, నేను చెప్పలేదా, గరిసె రాసిపెట్టి ఉంది అన్నది.

ఓడ గురించి పెద్దగా రాయడానికి లేదు. నీళ్లు చూశాను. ఎటు చూసినా భూమి లేదు, ఆయన చెప్పినట్టే ఉంది. చూసి, సరే అనుకున్నాను. తిండి చప్పగా ఉంది. గది చిన్నది, తలుపు వేసి లైటు తీస్తే చేయి కనిపించదు. రెండు మంచాల్లో తలుపు పక్కది నేను తీసుకున్నాను. మా ఆయన ఎక్కడికి పోయినా తలుపు పక్కనే పడుకునేవాడు, ఆయనే తోడుంటే ఆ మంచం నాకు దొరికేది కాదు.

మొదటి రోజు ఆడబిడ్డ చీకట్లో మెలకువ వచ్చి నన్ను కదిపింది.

"వదినె, తెల్లారిందా?"

"నాకేం తెల్సు. పైకి పోయి సూసిరా," అన్నాను.

గొణుక్కుంటూ గోడ పట్టుకుని, నా కాళ్లు తొక్కి, తలుపు తీసుకుని పోయింది. వరండాలోని వెలుగు నా మంచం మీద పడి, తలుపుతో పాటే పోయింది. ఆమె తిరిగి వచ్చి తెల్లారిందని చెప్పేలోపు నేను మళ్లీ నిద్రపోయాను.