అత్తకి చదివిపెట్టిన నవల

మా మేనత్త పోయిందని పోయిన నెల నాన్న ఫోన్ చేశాడు. రామచంద్రపురం వెళ్ళేసరికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఎంత ఓర్పండీ ఆవిడిది! నోరు తెరిచి ఇది కావాలని అడిగి ఎరుగదండి." ఆ మెప్పు వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

ఇరవై ఏళ్ళు నిండకుండానే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తమ్ముడి వంటింట్లోనే ముసలిదైపోయింది అత్త. నాకు జడ వేస్తూ "నొప్పెడితే అరవ్వే, మొద్దులా కూర్చోకు" అనేది. నన్ను డిగ్రీకి కాకినాడ పంపమని నాన్నతో పోట్లాడింది ఆవిడే. ఈరోజు నాకో ఉద్యోగముందంటే అది ఆవిడ నోటి చలవే. తన కోసం మాత్రం ఆ నోరు ఎప్పుడూ లేవలేదు.

చూపు మందగించాక, నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా మధ్యాహ్నం నాచేత నవల చదివించుకునేది. వారపత్రికలో వచ్చిన సీరియల్ కాగితాలు చింపి, తాతయ్య బైండు చేయించిన పుస్తకం అది. అందులో భర్త పోయిన అమ్మాయిని పెళ్ళాడతానని ఒక మాస్టారు వస్తాడు. ఆవిడ కాదని, అన్నగారింట్లో వండి వారుస్తూ ఉండిపోతుంది. అందుకు రచయిత ఆవిణ్ణి పొగిడిన పొగడ్తలు ఇన్నీ అన్నీ కావు.

"ఏంటత్తా ఇది! జీతం లేని వంటమనిషి దొరికిందని హారతి పడుతున్నాడు," అన్నాను.

చింతపండులో గింజలు తీస్తున్న అత్త నవ్వలేదు. "నన్నూ అడిగారే ఒకరు. పెనుగొండ నుంచి వచ్చారు. నాకూ ఇష్టమే. మీ తాతయ్య ఒక్క మాటనలేదు. ఈ పుస్తకం చేతిలో పెట్టి చదువుకోమన్నారు. చదివాక ఇంకేం మాట్లాడతాను?"

తిట్టినా కొట్టినా ఎదురు తిరిగేదేమో. పొగడ్తతో గడియ పెడితే ఎవరిమీద అరుస్తుంది?

మర్నాడు పుస్తకంలో లేనిది చదివాను. ఆవిడ మాస్టారికి సరేనంది, బట్టలు సర్దుకుంది, రాజమండ్రి బస్సెక్కింది. నవలంతా కంఠతా వచ్చిన మనిషి కదా, అత్త కోప్పడుతుందనుకున్నాను.

"కిటికీ పక్కన సీటు దొరికిందా?" అని అడిగింది.

"దొరికిందత్తా."

"ఎవరూ చూడలేదు కదా?"

"చూశారు. అయినా దిగలేదు."

లోపల్నుంచి నాన్న దగ్గు వినబడగానే అత్త లేచింది. "మీ నాన్నకి టీ వేళైంది. రేపు మళ్ళీ చదువుదువుగానీ, ఆవిణ్ణి మాత్రం వెనక్కి తీసుకురాకే," అని గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.